పసుపు పూసిన బ్రష్షులు

మనుషుల్ని అనుమానించడం నాకిష్టం ఉండదు. ఒకణ్ణే అనుమానిస్తే వాడికి అన్యాయం జరుగుతుందని అందర్నీ సమానంగా అనుమానిస్తాను.

ఆఫీసులో నా ఉద్యోగమూ అదే. టెస్టింగ్. అంటే ఇంకొకళ్ళు రాసిన కంప్యూటర్ ప్రోగ్రాములో తప్పు పట్టుకోవడం. తప్పు దొరకని రోజు నాకు అన్నం సయించదు.

అప్పట్లో మేం అమెరికాలో, అరోరా అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. మా అమ్మాయి ప్రణీత హైస్కూల్లో నాటకం వేస్తోంది. యువరాణి వేషం. ఇంట్లో మాతో మాట్లాడడానికి దానికి తీరిక ఉండదు గానీ, స్టేజీ మీద గంటసేపు ఆగకుండా మాట్లాడుతుందట. రిహార్సళ్ళకి తల్లిదండ్రుల్ని రానివ్వరు. స్టేజీ వెనక సెట్లు కట్టే గదిని షాపంటారు. అక్కడ పనిచేసేవాళ్ళని మాత్రం రానిస్తారు. అందుకని రంగులేసిన బ్రష్షులు, రోలర్లు తొట్టిలో కడిగి ఆరబెట్టే పనికి కుదిరాను. ఆ తొట్టి దగ్గర నిలబడితే గోడ అవతలనుంచి దాని గొంతు వినిపిస్తుంది. మా ఇంట్లోకంటే స్పష్టంగా.

మా ఆవిడ ఛాయాదేవి పక్కగదిలో వేషాలు కుట్టే పనికి చేరింది.

నేను బ్రష్షులు కడిగి, కుచ్చు పైకి వచ్చేలా కాఫీ డబ్బాల్లో పూలగుత్తుల్లాగా నిలబెట్టేవాణ్ణి. రోలర్లని చంటిపిల్లల్లా వరసగా పడుకోబెట్టేవాణ్ణి. చూడ్డానికి ముచ్చటగా ఉండేది.

కొద్దిరోజులకే సెట్టులోని కోటగోడకి గడ్డం మొలిచింది. బ్రష్షుల వెంట్రుకలు ఊడొచ్చి తెల్లరంగులో అతుక్కుపోయాయి. డ్రామా టీచరు మిసెస్ హాలోవే ఆ గోడని తడిమి, నావైపు తిరిగింది. "మిస్టర్ వీరా, ఇంకొక్కసారి ఇలా అయితే బ్రష్షులు వేరేవాళ్ళకి అప్పగించాల్సి వస్తుంది" అంది.

నా పూర్తి పేరు వీరాంజనేయులు. ఆవిడ రెండక్షరాలకే అలిసిపోతుంది.

వేరేవాళ్ళంటే ఇంకెవరు, చక్రపాణే. ప్రణీత స్నేహితురాలి తండ్రి. డాక్టరు స్టెతస్కోపు వేసుకున్నట్టు మెళ్ళో కొలతల టేపు వేసుకు తిరుగుతాడు. ఎదురుపడిన ప్రతిదాన్నీ కొలుస్తాడు. షాపులో ఆయన పని చెక్కలు కొయ్యడం. చూపు మాత్రం నా తొట్టి మీదే.

మర్నాడు వెళ్ళేసరికి డబ్బాలన్నీ ఖాళీ. నా బ్రష్షులు గోడ మేకులకి తలకిందులుగా, గబ్బిలాల్లా వేలాడుతున్నాయి. పడుకోబెట్టిన రోలర్లు లేచి నిలబడ్డాయి.

నేను మళ్ళీ డబ్బాల్లో పెట్టాను. మర్నాడు మళ్ళీ గబ్బిలాలు.

విచిత్రమేమిటంటే వెంట్రుకలు ఊడడం ఆగిపోయింది. హాలోవే నా భుజం తట్టి "వండర్‌ఫుల్!" అంది. నేను తల ఊపాను. ఇంకేం చెయ్యను? మెచ్చుకోలు నాకు, పని ఇంకొకడిది. ఇంతకంటే పెద్ద కుట్ర ఉంటుందా? ఏదో ఒకరోజు అందరిముందూ "అది చేసింది నేనండీ" అన్నాడంటే నా తొట్టి పోతుంది. తొట్టి పోతే గోడ అవతలి గొంతు కూడా పోతుంది.

"చక్రపాణే" అన్నాను ఇంటికొచ్చి.

"ఏం చేశాడు పాపం?" అంది ఛాయాదేవి, గరిటె కడుగుతూ.

"దొంగతనంగా బ్రష్షులు వేలాడదీస్తున్నాడు."

"మంచిదేగా. వెంట్రుకలు ఊడట్లేదుగా."

"అక్కడే నాకు డౌటు. మంచి చేసేవాడు చాటుగా ఎందుకు చేస్తాడు?"

"ఎదురుగా చేస్తే మీరు చెయ్యనిస్తారేంటి?"

ఆ మాట దగ్గర నేను కాస్త ఆగాల్సింది. కానీ నా బుర్రంతా చక్రపాణితో నిండిపోయి ఉంది.

శుక్రవారం సాయంత్రం పసుపు డబ్బా కోటు జేబులో వేసుకుని వెళ్ళాను. బ్రష్షులు కడిగి, తడి పిడులకి పసుపు పట్టించి, డబ్బాల్లో నిలబెట్టాను. ముట్టుకున్నవాడి చేతులు పచ్చబడాలి. మన పసుపు ఒక్క స్నానానికి వదిలే రకం కాదు. ఛాయాదేవి కుట్టుమిషను మూసి వస్తానంటే, నేను ముందే వెళ్ళి కారు స్టార్ట్ చేసి కూర్చున్నాను.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆవిడ అడిగింది. "దసరా రోజులు, పసుపు డబ్బా కనబడట్లేదేంటండీ?"

"నేను తినలేదు" అన్నాను.

వడ్డించేటప్పుడు ఆవిడ చేతులు పచ్చగానే ఉన్నాయి. పెళ్ళాం చేతులు పచ్చగా ఉండడం మన ఇళ్ళల్లో ఒక వార్త కాదు.

శనివారం పొద్దున ఛాయాదేవి ఎవరి కారులోనో ముందే వెళ్ళిపోయింది. నేను షాపులోకి అడుగుపెట్టేసరికి బ్రష్షులు మేకులకి వేలాడుతున్నాయి. నా గుండె ఉప్పొంగింది. ఇక చేతులు చూడడమే తరువాయి.

చూశాను. చక్రపాణి చేతులు పచ్చగా ఉన్నాయి. పట్టుకున్నాను!

ఆయన పక్కనున్న కుర్రాడి చేతులూ పచ్చగానే ఉన్నాయి. లైట్లు పెట్టే అమ్మాయివీ అంతే. చివరికి మిసెస్ హాలోవే కూడా పచ్చటి వేళ్ళు నాకుతూ వస్తోంది.

బల్లమీద పెద్ద ట్రే నిండా పులిహోర. దాని వెనక నా భార్య.

"స్పూన్లు మర్చిపోయానండీ. అందరూ చేత్తోనే తింటున్నారు. మీరూ కానివ్వండి" అంది.

అయినా నేను చక్రపాణి చెయ్యి వదల్లేదు. వెనకాముందూ తిప్పి చూశాను.

"ఏంటి వీరాంజనేయులుగారూ, జాతకం చెప్తారా?" అన్నాడాయన. "ఉండండి, ఇంకో ముద్ద తినొస్తా."

అంతలో హాలోవే ఒక బ్రష్షు పట్టుకొచ్చింది. పిడి నుంచి కారిన పసుపు కుచ్చులోకి దిగి, తెల్ల కోటగోడమీద పచ్చటి చార పడింది. "మిస్టర్ వీరా, వాటీజ్ దిస్?"

యువరాణి కిరీటంతో ప్రణీత కూడా వచ్చి గుమ్మంలో నిలబడింది. తొట్టి పోయిందనుకున్నాను.

"అది పూజ, మేడమ్" అంది ఛాయాదేవి ఇంగ్లీషులో, చాలా మామూలుగా. "మా ఫెస్టివల్ ఇది. అన్నం పెట్టే పనిముట్లకి పసుపు రాసి దణ్ణం పెట్టుకుంటాం. మా ఆయనకి భక్తి ఎక్కువ."

హాలోవే గుండెమీద చెయ్యి పెట్టుకుంది. కళ్ళు తడయ్యాయి. "బ్రష్షులకి మాత్రమేనా? మిగతావాటికి?"

"అన్నిటికీ రాయాలి" అంది నా భార్య నావైపు చూస్తూ. "ఆయన రాస్తారు."

రాశాను. నా కోటు జేబులో ఉండాల్సిన పసుపు డబ్బా ఛాయాదేవి సంచిలోంచి బయటికొచ్చింది. రంపాలకి రాశాను. సుత్తులకి, నిచ్చెనలకి, మూలనున్న వాక్యూమ్ క్లీనరుకి రాశాను. చక్రపాణి భక్తిగా మెళ్ళో టేపు తీసి నా ముందు పెట్టాడు. "రెండువైపులా పట్టించండి గురువుగారూ."

ప్రణీత నా పక్కన మోకాళ్ళమీద కూర్చుంది. "నాన్నా, రోలర్స్‌కి కూడా పెట్టాలా? బొట్టు నేను పెడతా. వై డూ వుయ్ డూ దిస్? చెప్పు." చెప్పాను. ఇంకా అడిగింది. ఇంకా చెప్పాను. నోరు ఎండిపోయినా ఆపలేదు. ఇంత మంచినీళ్ళు తెచ్చిచ్చి ఛాయాదేవి పక్కకెళ్ళిపోయింది.

తిరుగుదారిలో కారులో అడిగాను. "నువ్వేనా?"

"నేనే. కుచ్చు పైకి పెడితే నీళ్ళు వెంట్రుకల్ని పట్టుకునే రేకు పట్టీలోకి దిగి, లోపలి జిగురు నానిపోతుంది. వెంట్రుకలు ఊడక ఏం చేస్తాయి? తడి రోలరు పడుకోబెడితే ఒకవైపు నొక్కుకుపోతుంది."

"నాకు చెప్పొచ్చుగా?"

"మొదటిరోజే చెప్పాను. 'నువ్వు కుట్టుపని చూస్కో' అన్నారు. మీ తొట్టి పోతే ఇంట్లో కూర్చుని నన్ను టెస్టింగ్ చేస్తారని నా భయం."

ఇంటికొచ్చి భోంచేసి, చేతులు కడుక్కోడానికి వంటింట్లోకి వెళ్ళాను. పొయ్యి పక్కన ఛాయాదేవి అప్పుడే కడిగిన గరిటెలు, అట్లకాడ, జల్లిగరిటె, అన్నీ గోడ మేకులకి తలకిందులుగా వేలాడుతున్నాయి. చివరినుంచి ఒక్కొక్క నీటిబొట్టూ జారుతోంది.

పెళ్ళయిన దగ్గర్నుంచీ రోజూ చూస్తున్నాను. ఈ ప్రపంచంలో నేను అనుమానించనిది ఆ ఒక్క గోడనే.