ప్రమాదం లేని వెయ్యో రోజు

ఆ మంగళవారం తెల్లవారి మెలకువ వచ్చేసరికి సేఫ్టీ సార్ మనసులో ఉన్న ప్లాను చాలా చిన్నది. సాయంత్రంలోగా తన ఫ్యాక్టరీలో ఎవరో ఒకరికి ప్రమాదం జరగాలి. పెద్దది అక్కర్లేదు. ఆయనేమీ కసాయివాడు కాదు. ఒక చిటికెన వేలు, రెండు చుక్కల రక్తం, దాని మీద తెల్లటి కట్టు, రిజిస్టర్లో ఒక లైను. అంతే చాలు.

పంపులు తయారుచేసే ఆ ఫ్యాక్టరీలో ఆయన భద్రతాధికారి. గేటు దాటగానే 'ప్రమాదం లేకుండా గడిచిన రోజులు' అని రాసిన పచ్చబోర్డు ఉంటుంది. రోజూ పొద్దున్నే దాని మీద అంకె మార్చేది ఆయనే. ఆ అంకె వెయ్యికి చేరితే కార్మికులందరికీ జీతంతో మూడు రోజుల సెలవనీ, భద్రతాధికారి దంపతులకు హెలికాప్టర్లో పది నిమిషాల విహారమనీ ఆ బోర్డు పెట్టిన రోజే యాజమాన్యం ప్రకటించింది. అప్పటికి వెయ్యి ఎక్కడో దూరాన ఉంది కాబట్టి ఆయన కూడా చప్పట్లు కొట్టాడు. ఇవాళ పెట్టాల్సిన అంకె తొమ్మిది వందల తొంభై ఏడు.

ఆయన మంచం మీద వెల్లకిలా పడుకుని సీలింగ్ ఫ్యాన్ వైపు చూశాడు. ఇరవై రెండేళ్ళుగా దాని కిందే పడుకుంటున్నాడు, ఏనాడూ భయం వెయ్యలేదు. కానీ అదే ఫ్యాన్‌కి ఈ మంచం కట్టి, మంచం మీద తననూ భార్యనూ కూర్చోబెట్టి, ఆపైన ఇంటికప్పు తీసేస్తే? హెలికాప్టర్ అంటే సరిగ్గా అదేనని ఆయనకు నాలుగు రోజులుగా అనిపిస్తోంది. విమానమైతే రెక్కలు చాచుకుని ఉంటుంది, ఇంజను ఆగినా కాసేపు తేలుతుందన్న భ్రమైనా కలిగిస్తుంది. హెలికాప్టర్ ఆ మాత్రం మర్యాద కూడా పాటించదు. దీన్ని ఆయన భయమని అనుకోలేదు. తిరిగే వస్తువుల గురించి వృత్తిరీత్యా ఏర్పడిన అభిప్రాయం అనుకున్నాడు.

"ఏమండీ, ఇవి పెట్టుకుంటే ఎలా ఉన్నాను?" భార్య నల్ల కళ్ళద్దాలతో గుమ్మంలో నిలబడింది.

"పైన అంత ఎండ ఉంటుందా?"

"ఫోటోలో బావుంటాయి. పక్కింటావిడకి చెప్తే నమ్మలేదు తెలుసా. మా తమ్ముడైతే, బావకి భయం లేదా అక్కా అని ఒకటే నవ్వు. జెయింట్ వీల్ సంగతి చెప్పి నోరు మూయించాను."

జెయింట్ వీల్ సంగతి ఏమిటంటే, పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ ఎగ్జిబిషన్‌కి వెళ్ళి అది ఎక్కారు. పైకి వెళ్ళగానే ఆమె కళ్ళు గట్టిగా మూసుకుని ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయనా కళ్ళు మూసుకున్నాడు. ఆమె కళ్ళు మూసుకుని ఉంది కనక ఆయన కళ్ళు ఎవరూ చూడలేదు. దిగాక, "నాకు భయమంటే ఏంటో తెలీదు" అని ఒక్క మాట అన్నాడు. ఆ ఒక్క మాట మీదే వాళ్ళ సంసారం ఇరవై రెండేళ్ళుగా నడుస్తోంది. ఇప్పుడు వెళ్ళి "నాకు భయం" అంటే, అది ఇవాళ్టి భయంతో ఆగదు. వెనక్కి వెళ్ళి అన్నేళ్ళనూ తవ్వుతుంది.

"ఆ హెలికాప్టర్ వాళ్ళ దగ్గర ఆరేళ్ళుగా ఒక్క ప్రమాదం కూడా జరగలేదటండీ," అంది ఆమె. "వాళ్ళకీ మీకున్నట్టే బోర్డు ఉందట."

ఆ మాట మాత్రం ఆయనకు కాస్త ఊపిరి పోసింది. అంకెల మీద బతికే మనిషి. ఆరేళ్ళంటే రెండు వేల పైచిలుకు రోజులు. ఏ ప్లానూ పారకపోతే పట్టుకోవడానికి ఆ అంకె ఉంది.

ఫ్యాక్టరీలో బోర్డు మార్చి, రిజిస్టర్ చంకలో పెట్టుకుని బయల్దేరాడు. మొదట కనిపించింది లేత్ మేస్త్రి. ఆయన్ని చూడగానే మేస్త్రి కుడిచెయ్యి జేబులోకి వెళ్ళిపోయింది.

"ఏమయ్యా మేస్త్రీ, ఆ చెయ్యి బయటికి తియ్యి."

"చలిగా ఉంది సార్."

"ఒక్క చేతికేనా చలి?"

మేస్త్రి తీశాడు. బొటనవేలికి నిమ్మకాయంత కట్టు. "ఇంట్లో సార్. ఉల్లిపాయలు తరుగుతుంటే తెగింది."

"కట్టు చుట్టూ చెయ్యంతా నల్లగా కమిలిపోయింది కదయ్యా! ఉల్లిపాయలు కత్తితో తరిగావా, సుత్తితోనా?"

"బాగా ముదురు ఉల్లిపాయలు సార్."

ఇలాంటి వేళ్ళు ఆయనకు కొత్తకాదు. రెండేళ్ళ కిందట వీటన్నిటినీ లెక్కేసి, 'మన కార్మికుల ఇళ్ళు అత్యంత ప్రమాదకరమైన ప్రదేశాలు' అని యాజమాన్యానికి పన్నెండు పేజీల నివేదిక కూడా రాశాడు. వంటగదిలో జాగ్రత్తల గురించి క్యాంటీన్లో ఉపన్యాసం ఇచ్చాడు. తలలకూ చేతులకూ కట్లున్న వాళ్ళందరూ ముందు వరసల్లో కూర్చుని శ్రద్ధగా విన్నారు. ఆయన ఆ రోజు నిజంగానే నమ్మాడు. నమ్మడం సుఖంగా ఉన్నప్పుడు మనిషి వేళ్ళ వైపు చూడడు.

"చూడు మేస్త్రీ," అన్నాడు గొంతు తగ్గించి. "భయం లేదు. నిజం చెప్పు. మిషన్ దగ్గరే కదా? నేనేమీ అనను. పైగా సంతోషిస్తాను."

తొమ్మిది వందల తొంభై ఏడు రోజుల్లో సేఫ్టీ సార్ ఇంత ప్రేమగా మాట్లాడటం మేస్త్రి ఎప్పుడూ వినలేదు. వెంటనే అప్రమత్తమయ్యాడు. అరగంటలో ఫ్యాక్టరీ అంతా పాకింది: ఆఖరి మూడు రోజులు కదా, సార్ పరీక్ష పెడుతున్నాడు, నోరు జారారో సెలవు గోవిందా. వెల్డరు కాలిన మోచెయ్యి కనపడకుండా చొక్కా చేతులు దించుకున్నాడు. కుంటుతున్న ప్యాకింగ్ మనిషి ఆయన ముందు నుంచి కవాతులా నడిచి వెళ్ళి, గోడచాటుకు పోయి ఏడ్చాడు.

స్టోర్స్ కీపరమ్మ దగ్గర ఆయనకు చివరి ఆశ దొరికింది. పుస్తకం తిరగేసి చూపుడువేలు ఒకచోట ఆపాడు. "పోయిన నెల ముప్పై కట్టు చుట్టలు ఇచ్చావు. ప్రమాదాలు సున్నా. మరి ఏమయ్యాయమ్మా ఇవన్నీ?"

ఆమె కళ్ళు కూడా ఆర్పలేదు. "పైపులు కారుతుంటే చుట్టాం సార్."

"దూది?"

"మిషన్లు తుడిచాం."

"నొప్పి మాత్రలు?"

"అవి మేనేజరు గారు వేసుకున్నారు సార్. మీ నివేదిక చదివినప్పుడల్లా."

బుధవారం ఆయన కొంచెం దిగజారాడు. ఎవరూ చూడకుండా మెట్ల దగ్గర అరగ్లాసు నీళ్ళు ఒలకబోసి, స్తంభం చాటున నిలబడ్డాడు. ఎవరో ఒకరు జారాలి, మెత్తగా జారాలి, ఎముకలు విరక్కూడదు అని మనసులో కోరుకుంటూ ఉండగానే నలుగురు పరుగెత్తుకొచ్చారు. ఒకడు తుడిచాడు, ఒకడు 'జాగ్రత్త, తడి' బోర్డు పెట్టాడు, ఒకడు తాడు కట్టాడు, నాలుగోవాడు వాచీ చూసి, "నలభై సెకన్లు సార్!" అని స్తంభం వైపు తిరిగి సెల్యూట్ చేశాడు. అదే సమయానికి పై మెట్టు మీద మేనేజరు ఉన్నాడు.

"చెప్పకుండా డ్రిల్లా!" అన్నాడు కళ్ళు చెమర్చగా. "ఇలాంటి మనిషికి పది నిమిషాలేంటండీ? ఇరవై నిమిషాలు తిప్పమని ఇప్పుడే ఫోన్ చేస్తాను."

గురువారం ఇక లాభం లేదని ఆయన నేరుగా మేనేజరు గదికి వెళ్ళాడు. "సార్, ఆ హెలికాప్టర్ నాకొద్దు. కార్మికుల్లో ఎవరినైనా పంపండి. లేదా మీరే వెళ్ళిరండి."

మేనేజరు మొహం మారింది. చెయ్యి దానంతటదే నడుం మీదకి పోయింది. "నేనా? నాకు నడుం నొప్పి కదండీ, పైకి లేస్తే పట్టేస్తుంది." తర్వాత తెలిసిందేమిటంటే, ఆ టిక్కెట్లు మొదట పెద్ద డైరెక్టరుకే వచ్చాయి. ఆయనకూ నడుం నొప్పే. అక్కణ్ణుంచి ఒక్కో నడుమూ దాటుకుంటూ నిచ్చెన దిగి, చివరికి నడుం నొప్పి అని చెప్పుకునే హోదా లేని మనిషి దగ్గర ఆగాయి.

కానీ మేనేజరు అప్పటికే లేచి నిలబడ్డాడు. "తన బహుమతిని కార్మికులకి ఇమ్మంటున్నాడు! ఎవరంటారండీ ఈ మాట?" మధ్యాహ్నం మైకులో అందరికీ వినిపించేలా చెప్పాడు. ఇలాంటి త్యాగం చేసిన మనిషే హెలికాప్టర్ ఎక్కాలనీ, ఆ ఫోటోనే కంపెనీ పత్రిక ముఖచిత్రంగా వేస్తామనీ అన్నాడు. ఫోటోలో మనిషి బాగా కనపడాలని హెలికాప్టర్ తలుపులు ఊడదీయించే ఏర్పాటు కూడా చేశానన్నాడు.

ఆ సాయంత్రం సేఫ్టీ సార్ వర్క్‌షాపు మూల బల్ల మీద ఎడమచేతి చిటికెనవేలు పెట్టి, కుడిచేత్తో సుత్తి ఎత్తి, పావుగంట నిలబడ్డాడు. సుత్తి దిగిన ప్రతిసారీ వేలు తప్పుకుంది. మనసు ఎంత ఒప్పించినా వేలు వినలేదు. మొత్తం ఫ్యాక్టరీలో భద్రతా నియమాలు నిజంగా పాటిస్తున్నది తన చిటికెనవేలు ఒక్కటేనని ఆయనకు అర్థమైంది.

శుక్రవారం పొద్దున ఎనిమిది దాటగానే ఓడిపోయిన మనిషిలా బోర్డు దగ్గరికి వెళ్ళాడు. బోర్డు చేయించినవాళ్ళకి ఈ ఫ్యాక్టరీ మీద అంత నమ్మకం లేదేమో, మూడంకెలకే గడులు పెట్టించారు. నాలుగో అంకెకి పక్కన మేకు కొట్టాలి. నిచ్చెన స్టోర్స్‌లో ఉంది, స్టోర్స్‌కి తాళం ఉంది. ఆయన మనసు ఎటో ఉంది. ఏళ్ళ తరబడి అందరికీ చెయ్యొద్దని చెప్పిన పని, కాళ్ళకి చక్రాలున్న కుర్చీ ఎక్కడం, ఏమీ ఆలోచించకుండా చేశాడు. మేకు మీద మొదటి దెబ్బ వెయ్యగానే కుర్చీ గేటు వైపు వెళ్ళింది. ఆయన వెళ్ళలేదు.

చీలమండ దగ్గర ఫట్‌మని చప్పుడైంది. నొప్పి మోకాలి దాకా పాకింది, దాని వెనకే గొప్ప ఆనందం తల దాకా పాకింది. "ప్రమాదం!" అని అరిచాడు నేల మీద నుంచే. "ప్రమాదం జరిగింది! రిజిస్టర్ తీసుకురండి! రాసుకోండి!"

అందరూ చుట్టూ మూగారు. ఎవరూ రాసుకోలేదు. లేత్ మేస్త్రి మోకాళ్ళ మీద కూర్చుని మెల్లగా అడిగాడు. "ఎక్కడ సార్ ప్రమాదం?"

"ఇక్కడయ్యా! నేనే! కాలు విరిగింది!"

"మీరు ఇంట్లో పడ్డారు సార్."

"ఇంట్లోనా? నీ కళ్ళముందే కదయ్యా పడ్డాను!"

"పడలేదు సార్. దిగారు," అంది స్టోర్స్ కీపరమ్మ. "కొంచెం తొందరగా దిగారు."

మేనేజరు వాచీ చూసుకున్నాడు. "ఎనిమిదీ పది. షిఫ్టు ఎనిమిదిన్నరకి. అంటే ఆయన ఇంకా డ్యూటీకి రాలేదు. రాని మనిషి ఇక్కడెలా పడతాడు?"

"అన్యాయం!" అన్నాడు సేఫ్టీ సార్. "ఇది రాయాల్సిందే. నేను భద్రతాధికారిని."

అప్పుడు మేస్త్రి బొటనవేలి కట్టు విప్పాడు. ఆ కట్టు కింద సగం వేలే ఉంది. "ఇది మీ ఫ్యాక్టరీలో పోయింది సార్. ఆ వెల్డరు చెయ్యి, ఆ ప్యాకింగ్ మనిషి కాలు, అన్నీ ఇక్కడే. దగ్గర దగ్గర మూడేళ్ళు నొప్పి నోట్లో కుక్కుకుని ఉన్నాం, మూడు రోజులు ఇంట్లో పడుకుందామని. మీరు ఒక్క పూట కుక్కుకోలేరా?"

ఆయన ఆ వేలి వైపు చూశాడు. పన్నెండు పేజీల నివేదిక గుర్తొచ్చింది. ముందు వరసలో కూర్చుని, ఉల్లిపాయలు ఎలా తరగాలో తన దగ్గర శ్రద్ధగా నేర్చుకున్న మనుషులు గుర్తొచ్చారు. తన భయం ఒక పక్కా, ఈ వేళ్ళన్నీ ఒక పక్కా పెట్టి చూస్తే తన భయం తేలిపోయింది. తేలిపోయిందంటే పోలేదు, పైకి లేచింది. అయినా అన్నాడు.

"ఇంట్లో పడ్డాను."

"ఎలా సార్?" రిజిస్టరు రాసే గుమాస్తా అడిగాడు.

"ఉల్లిపాయలు తరుగుతుంటే."

మేకు మేస్త్రి కొట్టాడు. వెయ్యి నిండింది. కార్మికులు ఆయన్ని భుజాల మీద ఎత్తుకుని ఊరేగించి, అక్కడే ఒకసారి జార్చి, మళ్ళీ ఎత్తుకున్నారు. అది కూడా ఎవరూ రాయలేదు.

శనివారం ఉదయం కాలికి పిండికట్టుతో, ఒక పక్క భార్య భుజం, ఇంకో పక్క చంకకర్ర ఊతంగా ఆయన హెలికాప్టర్ దగ్గరికి చేరాడు. తలుపులు నిజంగానే లేవు. షెడ్డు గోడ మీది బోర్డు కోసం వెతుక్కున్నాడు. ఉంది. అచ్చం తన బోర్డులాగే, పచ్చగా: 'ప్రమాదం లేకుండా గడిచిన రోజులు: 2,214.' ఆ అంకెను రెండుసార్లు చదివాడు. చదవగానే రావాల్సిన ధైర్యం ఎందుకో ఈసారి రాలేదు.

కుర్ర పైలట్ చిరునవ్వుతో వచ్చి బెల్టు బిగించడానికి వంగాడు. "కాలికేమైంది సార్?"

"ఇంట్లో పడ్డాను," అన్నాడు సేఫ్టీ సార్. అప్పుడే పైలట్ కుడిచేతి మీద చూపు పడింది. బొటనవేలికి నిమ్మకాయంత కట్టు. "నీ వేలికేమైంది బాబూ?"

"ఇంట్లోనే సార్. ఉల్లిపాయలు తరుగుతుంటే."

ఇద్దరూ ఒక్క క్షణం ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకున్నారు. ఆ పిల్లవాడే ముందు చూపు తిప్పుకుని, తన సీట్లోకెళ్ళి మీట నొక్కాడు. తలపైన రెక్కలు కదిలాయి. భార్య నల్ల కళ్ళద్దాలు సవరించుకుని, ఒళ్ళంతా బిగుసుకుపోయిన భర్త చేతిని పట్టుకుంది.

"చూశారా," అంది. "పైలట్లు కూడా ఇంట్లో వంట చేస్తారు."