హీటర్ ఇంకా చల్లగానే ఉంది

దారియా ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా సాదాది. ఎనిమిదికి బయలుదేరాలి. డెబ్బై కిలోమీటర్ల అవతల పట్నంలో పదకొండు గంటలకు జరిగే విచారణకు చేరాలి. విష్నీవ్కా ఊరికున్న ఒక్కగానొక్క అంబులెన్సును ఎత్తెయ్యకుండా ఆపాలి. ఆరోగ్య బోర్డువాళ్ల నిబంధన ఒకటుంది: ఊరివాళ్లు ఇరవై మంది స్వయంగా వచ్చి నిలబడితే ఆ రోజు నిర్ణయం చెయ్యకూడదు. సంతకాలు చెల్లవు. మనుషులు కావాలి.

ముప్పై మంది మాటిచ్చారు. తెల్లారేసరికి చలి మైనస్ ముప్పై నాలుగు. ఎల్డన్‌కు నడుము పట్టేసింది. గోర్డీ ఇంట్లో ఆవు ఈనబోతోంది. మిగిలినవాళ్లకూ తలా ఒక నడుము, తలా ఒక ఆవు. నిరుడు దారియా మొగుడు ఓరెస్ట్‌కు గుండె ఆగబోతే ఆ అంబులెన్సు తొమ్మిది నిమిషాల్లో వచ్చింది. పట్నం నుంచి రావాలంటే గంట పడుతుంది. ఇది అందరికీ తెలుసు. తెలిసి కూడా ముసుగుతన్నే జనాన్ని ఏ ఉద్యమం లేపుతుంది?

చివరికి కారెక్కింది ముగ్గురే: దారియా, ఓరెస్ట్, వెనక సీట్లో మూడు దుప్పట్లు చుట్టుకున్న ఎనభై ఒక్కేళ్ల పొరుగావిడ వెర్నా.

హీటర్ తిప్పితే మంచుగాలి కొట్టింది.

"ఇంజన్ వేడెక్కట్లేదు, అంతే. అట్టముక్క పెడితే సరి," అన్నాడు ఓరెస్ట్.

కెనడాలోని ఈ సస్కాచువాన్‌లో చలికాలం ఇంజన్‌కు చలిగాలి కొట్టకుండా రేడియేటర్ ముందు అట్ట పెట్టడం అందరూ చేసేదే. ఓరెస్ట్ ఒకటి పెట్టాడు. నాలుగు కిలోమీటర్లు పోయినా గాలి మారలేదు. రెండోది పెట్టాడు. ఎనిమిదో కిలోమీటరు దగ్గర మూడోది కూడా దూర్చాడు. పన్నెండో కిలోమీటరు దగ్గర ఇంజన్ వేడి చూపే సూది ఎర్రగీత దాటింది. బానెట్ కింద నుంచి పొగలా ఆవిరి లేచింది. దారియా కారు ఆపేసింది.

"మేం గడ్డకడుతుంటే ఇంజన్ని ఉడకబెట్టావు కదయ్యా! నిన్ను బతికించుకున్నది ఇందుకేనా?"

"అరవకే. ఎల్డన్‌కి ఫోన్ చేస్తున్నా. వాడి దగ్గర ఇంజన్‌లో పోసే కూలెంట్ డబ్బా ఉంటుంది."

నడుము పట్టేసిన ఎల్డన్ పావుగంటలో దిగాడు, కూలెంట్ డబ్బాతో, భుజాన జాకీతో. వెనకే గోర్డీ.

"ఆవు ఈనిందా గోర్డీ?" అంది దారియా.

"రేపటికి వాయిదా వేసుకుందిలే. ముందు బానెట్ ఎత్తండి."

ఆ చలిలో ఆగిన బండిని దాటి పోయేవాడు అక్కడ మనిషి కింద లెక్క కాదు. పైగా వార్త ఊళ్లో పాకింది. అరగంటలో పదిహేడు బండ్లు బారుతీరాయి. మాటిచ్చి ఎగ్గొట్టిన మొహాలన్నీ దిగాయి, తలా ఒక సలహాతో.

"థర్మోస్టాట్ పోయింది."

"నీ మొహం, వాటర్ పంపు!"

"హీటర్ గొట్టాలు పూడుకుపోయుంటాయి. నా బండికీ ఇంతే అయింది."

"బాగుపడిందా?"

"అమ్మేశాను."

వెర్నా కిటికీ అద్దం దించింది. "ఒరే పెద్దమనుషుల్లారా, అసలు దాంట్లో కూలెంట్ ఉందో లేదో ఎవడైనా చూశాడా?"

ఎవడూ చూడలేదు. ఓరెస్ట్ రేడియేటర్ మూత మీద చెయ్యి వేశాడు.

"చెయ్యి తియ్యరా! వేడిమీద తీస్తే మొహం ఉడుకుతుంది," అని అరిచింది వెర్నా.

అట్టలు పీకేశారు. చలి ఆ రోజు చేసిన ఒకే ఒక్క మంచిపని ఇంజన్‌ను త్వరగా చల్లార్చడం. మూత తీస్తే అడుగు కనిపించింది. గొట్టం బిగింపు చలికి వదులై కూలెంటంతా కారిపోయింది. ఇంజన్ వేడిని మోసుకొచ్చేదే అది లేకపోతే, ఇక హీటర్‌కు వేడి ఎక్కణ్ణించి వస్తుంది? బిగించారు, పోశారు. లోపల చిక్కిన గాలి పోవాలంటే కారు ముక్కు పైకుండాలని ఎల్డన్ తేల్చాడు. అందరూ కలిసి కారును రోడ్డుపక్క మంచుగట్టు మీదికి తోశారు. అందరికంటే గట్టిగా తోసింది ఎల్డన్ నడుమే.

దారియా ఇంజన్ ఆన్ చేసి కూర్చుంది. కాసేపు బుడబుడమంది. తర్వాత పాదాలకు వెచ్చటి గాలి తగిలింది. కళ్లు మూతలు పడేంత హాయి. ఆమె అద్దంలోంచి బయటికి చూసి, ఓరెస్ట్ కాక మిగతా తలలు లెక్కపెట్టింది. పంతొమ్మిది. హీటర్ మీటను చల్లదనం వైపు తిప్పేసి, అది కనబడకుండా మెడలోని మఫ్లర్ తీసి దానిమీద పడేసింది.

"ఎలా ఉందే?" అరిచాడు ఓరెస్ట్.

"చల్లగానే ఉంది!"

వెర్నా ఆమె వైపు ఒక్క క్షణం చూసింది. "చచ్చిపోతున్నానర్రా," అని మూలిగింది.

"అలా ఎలా ఉంటుంది?" నలుగురు ఒకేసారి.

"నడిపి చూద్దాం. మీరంతా వెనకే రండి. మధ్యలో మళ్లీ ఆగితే ముసలావిడ ప్రాణం మీదికొస్తుంది," అంది దారియా.

పదిహేడు బండ్లూ కదిలాయి. దారిలో రెండుసార్లు ఆపించి, పంతొమ్మిది మందీ గాలి రంధ్రాల ముందు చేతులు పెట్టి చూశారు, తలలు పంకించారు. పట్నం చేరేసరికి దారియాకు కాలివేళ్లు ఉన్నాయో లేవో తెలియలేదు.

"విచారణ హాల్లో వేడి కాఫీ ఉంది. పంపో థర్మోస్టాటో అక్కడ తేల్చుకోండి," అంది.

తిట్టుకుంటూనే లోపలికి వచ్చారు. బోర్డు అధికారి సంతకానికి పెన్ను తీసి సిద్ధంగా ఉన్నాడు. గుమాస్తా లెక్కపెట్టాడు. ఇరవై రెండు.

"మీరంతా విష్నీవ్కా వాళ్లేనా? అంబులెన్సు తీసెయ్యడానికి మీకు అభ్యంతరమా?"

గోర్డీ కాఫీ కప్పు దించాడు. "అభ్యంతరమా? తీసేస్తే ఊరుకుంటామా! ఆ ముక్క కోసం ఇంతదూరం రావాలా, ఫోన్లోనే తిట్టేవాణ్ణి!"

అధికారి పెన్ను మూసేశాడు. నిబంధన ప్రకారం తర్వాతి విచారణ ఫిబ్రవరిలో, విష్నీవ్కాలోనే. ఆయనే అక్కడికి రావాలి.

"అంత చలిలో నా కారు దారిలో ఆగిపోతే ఎలాగమ్మా?" అన్నాడు.

"కారు ఆగితే ఊరంతా వస్తుంది, భయపడకండి," అంది దారియా. "సభకైతే చెప్పలేను."