ఇరవై ఒక్క పసుపు కాగితాలు

ఆ ఉదయం అంగుళం వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదిన్నరకు వీధిలోకి వెళ్లడం, ఫుట్‌పాత్ మీద అడ్డంగా ఉన్నవన్నీ తీయించడం, పదింటికల్లా ఇంటికొచ్చి తాపీగా కాఫీ తాగడం. ఈ మూడింటిలో అతను చేయగలిగింది మొదటిది ఒక్కటే.

అంగుళం అంటే అతని అసలు పేరు కాదు. నగర కార్యాలయం తరఫున పదకొండేళ్లుగా టేపు పట్టుకుని ఫుట్‌పాత్‌లు కొలిచిన మనిషి కాబట్టి వీధి వీధంతా అలా పిలుస్తుంది, ఎదురుగా కాదనుకోండి. పోయిన సోమవారమే ఇన్‌స్పెక్టరుగా ప్రమోషన్ వచ్చింది. దాంతోపాటు నంబర్లు వేసిన పసుపు కాగితాల పుస్తకమొకటి, ఎర్ర రిబ్బన్ చుట్టలు రెండు వచ్చాయి. పుస్తకం మీద రూల్సు నాలుగు. ముందు అట్ట మీద మూడు, వెనక అట్ట మీద ఒకటి. అంగుళం ముందు అట్ట శ్రద్ధగా చదివి, తలాడించి, పుస్తకాన్ని జేబులో పెట్టుకున్నాడు. వెనక అట్ట తిప్పి చూసే అలవాటు మనలో మాత్రం ఎంతమందికి ఉంది!

ఈ హడావుడంతా మరదలి కోసం. ఆమె చక్రాల కుర్చీలో తిరిగే మనిషి. కుర్చీకి రెండు బ్రేకులున్నాయి, నోటికి ఒక్కటీ లేదు. వీధికి ఆ చివర ఉన్న బస్సుల కంపెనీలో టైం టేబుళ్లు వేసే ఉద్యోగానికి ఆ రోజు పదిన్నరకు ఇంటర్వ్యూ. నిరుడు ఇదే ఇంటర్వ్యూకి బయలుదేరితే దారిలో ఒక సోఫా అడ్డొచ్చింది. రోడ్డు మీదికి దిగి వెళ్లబోతే ముందు చక్రం మురుక్కాలువ మూత సందులో ఇరుక్కుంది. ఆమె చేరేసరికి గేటు మూసి అయిదు నిమిషాలైంది. "టైముకి రాలేనివాళ్లు టైం టేబుళ్లేం వేస్తారమ్మా?" అన్నాడట గేటు మనిషి. ఆ తర్వాత మూడు రోజులు ఆమె నోరు విప్పలేదు. అంతకంటే పెద్ద శిక్ష ఆ ఇంట్లో ఎవరికీ ఎప్పుడూ పడలేదు. పైగా వచ్చే నెలతో వయసు దాటిపోతుంది. ఇదే ఆఖరి అవకాశం.

"ఏవండీ, ఈసారి గానీ దాని ముందు ఆ గేటు మూసుకుపోయిందో..." అంటూ భార్య వాక్యం అక్కడే ఆపేసింది. ఆమె పూర్తి చేసిన వాక్యాల కంటే ఆపేసిన వాక్యాలంటేనే అంగుళానికి భయం.

"వీధిలో గడ్డిపోచ కూడా ఉండదు. ఇన్‌స్పెక్టర్ని నేను!"

"నిరుడు కూడా కొలిచింది నువ్వే కదా బావా?" అంది మరదలు లోపల్నుంచి. "ఆ సోఫా పొడుగెంతని రాసుకున్నావు?"

"ఆరడుగుల రెండంగుళాలు," అని ఠక్కున చెప్పి, చెప్పినందుకు నాలుక కరుచుకుని, అంగుళం చెప్పులేసుకున్నాడు.

వీధిలో మొదట కనిపించింది ఆ సోఫాయే. ఫర్నిచర్ షాపు షావుకారు దాని మీదే కూర్చుని పేపరు చదువుతున్నాడు. "లేవండి," అన్నాడు అంగుళం. షావుకారు లేచాడు. ఒకటో నంబరు పసుపు కాగితం సోఫా వీపు మీద పడింది.

"అయ్యయ్యో, ఎందుకండీ ఇంత పని! ఒక్క నిమిషం, లోపల పెట్టేస్తాను," అని షావుకారు సోఫా చెయ్యి పట్టుకున్నాడు.

"ముట్టుకోకండి!" అని అంగుళం ఒంటికాలి మీద లేచాడు. "మొదటి రూలు. కాగితం అంటించిన వస్తువుని పెద్ద ఇన్‌స్పెక్టరు వచ్చి చూసేదాకా ఎవరూ కదపకూడదు. రెండో రూలు, చుట్టూ రిబ్బన్ కట్టాలి. మూడో రూలు, కాగితం చింపితే శిక్ష, నాకైనా సరే."

"అంటే... ఇది ఇక్కడే ఉండాలా?"

"ఇక్కడే ఉండాలి!"

ఉండకూడదనే కదా తాను వచ్చింది అన్న ఆలోచన అంగుళం బుర్రలోకి ఒక్క క్షణం తొంగిచూసింది. కానీ కొత్త పుస్తకంలో కాగితాలు ఫెళఫెళలాడుతుంటే ఆలోచనలకు తీరికెక్కడిది? రిబ్బన్‌ను సోఫా చుట్టూ తిప్పి, ఒక కొస దీపస్తంభానికి, రెండో కొస షాపు కిటికీ ఊచకు కట్టాడు. దానితో మిగిలిన కాస్త సందు కూడా మూసుకుపోయింది. అతను పక్క షాపుకు పరిగెత్తాడు.

రెండో కాగితం సెలూన్ వాళ్ల బోర్డుకు, మూడు నుంచి ఎనిమిది దాకా రిటైరైన టీచరమ్మ పూలకుండీలకు పడ్డాయి. "నా గులాబీల మొహాన కాగితాలంటిస్తావా?" అని టీచరమ్మ కళ్లజోడు సవరించుకుంది. చిన్నప్పుడు ఆమె దగ్గరే ఎక్కాలు నేర్చుకున్నాడు కాబట్టి అంగుళానికి చెమటలు పట్టాయి. అయినా అంటించాడు. ఆమెకు కోపం వచ్చిందో, అక్షరదోషం కనిపించిందో గానీ, ఎర్ర పెన్ను తెచ్చి ఆరు కాగితాలూ దిద్దింది.

ఇంతలో షావుకారు తన సోఫా వంక చాలాసేపు చూసి, మెల్లగా దర్జీ పెద్దాయన దగ్గరికి వెళ్లాడు.

"బాబాయ్, ఈ పసుపు కాగితం మామూలిది కాదు. ఇది పడ్డాక ఎవ్వడూ వస్తువుని కదపకూడదట. పెద్ద ఇన్‌స్పెక్టరైనా వచ్చి చూసి పోవడమేనట!"

"అంటే పర్మిట్టన్నమాట!" అన్నాడు దర్జీ, కళ్లు మెరిపిస్తూ. అతని కొట్టు రెండు బారల గది. అందులో సగం ఇనుప బీరువాదే. దాన్ని వీధిలో పెట్టుకోవాలని పన్నెండేళ్లుగా కల. చూసినవాళ్లు ఊరుకోరని ఆగాడు.

అంతే, పది నిమిషాల్లో వార్త వీధి చివరిదాకా పాకింది. అంగుళం ఏ గుమ్మం ముందుకు వెళితే ఆ గుమ్మంలోంచి బల్లలు, నిచ్చెనలు, విరిగిన సైకిళ్లు వాటంతటవే నడిచొచ్చినట్టు బయటికొచ్చాయి. "సార్, మాదీ ఒకటుంది, మర్చిపోకండి!" "ఇన్‌స్పెక్టరు గారూ, మా స్టూలుకి వెయ్యలేదు!" అని జనం చుట్టూ మూగారు. ఇంతమంది స్వచ్ఛందంగా తప్పు ఒప్పుకోవడం అంగుళం సర్వీసులో ఎన్నడూ చూడలేదు. మనుషులు మారుతున్నారని సంబరపడిపోయాడు. ఇద్దరు కొడుకులు, ఒక అల్లుడు పళ్లు బిగించి మోసుకొచ్చిన దర్జీ బీరువాకు ఇరవై ఒకటో కాగితం అంటించాడు. చేతులు దులుపుకుని వెనక్కి తిరిగి చూశాడు.

వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా ఎర్ర రిబ్బన్లతో అల్లిన సాలెగూడులా ఉంది. పిల్లి కూడా పక్కకు తిరిగి రోడ్డు దాటుతోంది. గడియారం చూస్తే పదీ మూడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడడమంటే ఏమిటో అంగుళానికి అప్పుడు తెలిసింది.

సరిగ్గా అప్పుడే ఇంటి గుమ్మంలోంచి చక్రాల కుర్చీ దిగింది. కొత్త చీర, ఒళ్లో ఫైలు. వెనక భార్య. సోఫా దాకా వచ్చి కుర్చీ ఆగింది.

"బావా," అంది మరదలు. "నిరుడు సోఫా ఒక్కటే ఉంది."

అంగుళం పరిగెత్తుకొచ్చి పెద్ద ఇన్‌స్పెక్టరుకు ఫోన్ చేశాడు. మీటింగులో ఉన్నానని, పన్నెండింటికి వస్తానని చెప్పి ఆయన పెట్టేశాడు. అంగుళం కాలు కాలిన పిల్లిలా అటూ ఇటూ తిరిగాడు. పోనీ రోడ్డు మీద నుంచి అంటే బస్సులు ఒకదాని వెనక ఒకటి దూసుకుపోతున్నాయి. "కాస్త ఈ సోఫా పట్టండి," అని షావుకారును బతిమాలాడు. షావుకారు రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. "అమ్మో, మొదటి రూలండీ! మీరే కదా చెప్పారు."

భార్య ఒక్క మాటా అనలేదు. వాక్యం మొదలుపెట్టను కూడా లేదు. అంగుళానికి నిజంగా ఏడుపొచ్చింది. పరాయివాళ్ల సోఫా అడ్డొస్తే తిట్టుకోవచ్చు. ఇరవై ఒక్క అడ్డంకులు తన చేత్తోనే పెట్టి, తన రిబ్బన్‌తోనే కట్టాడు.

"ఏడిస్తే టైం ఆగదు. ఆ పుస్తకం ఇటివ్వు," అని మరదలు చెయ్యి చాపింది. ముందు అట్ట చదివింది. తిప్పి వెనక అట్ట చదివింది. తర్వాత వీధికంతా వినపడేలా పైకి చదివింది. "నాలుగో రూలు. కాగితం అంటించిన క్షణం నుంచి ఆ వస్తువుకు అంటించిన ఉద్యోగియే బాధ్యుడు. దారి నాలుగడుగులు ఖాళీగా ఉండేలా చూడవలసింది అతడే. అందుకోసం వస్తువును జరిపే అధికారం అతడికి మాత్రమే కలదు."

"నాకు మాత్రమేనా?" అన్నాడు అంగుళం నీరసంగా.

"నీకు మాత్రమే బావా. టేపు నాకిచ్చెయ్. పదీ ఏడైంది. సోఫాతో మొదలుపెట్టు!"

ఆ తర్వాత వీధి చూసిన దృశ్యం మళ్లీ చూడదు. ముందు అంగుళం, వెనక టేపు పట్టుకుని కుర్చీలో మరదలు, ఆ వెనక ఫైలుతో భార్య, అందరికంటే వెనక వీధి జనం. అంగుళం రిబ్బన్ ముడులు విప్పి, సోఫాను భుజంతో నెట్టి గోడకు ఆనించాడు. "ఇంకో అంగుళం!" అంది మరదలు. నెట్టాడు. "చాలు, పద!" చక్రాలు ముందుకు దొర్లాయి. కుండీలు ఒక్కొక్కటే చంకనెత్తుకుని టీచరమ్మ గుమ్మంలో దించాడు. "నడుం వంచకు, మోకాళ్లు వంచు!" అని టీచరమ్మ పాఠం చెప్పింది. బల్లలు, స్టూళ్లు, నిచ్చెనలు. "ఒక్క నిమిషం ఊపిరి తీసుకోనీ మరదలా!" "ఊపిరి పదిన్నర తర్వాత తీసుకో!" చొక్కా గుండీలు రెండు ఊడాయి. జనం రూలు తప్పకుండా చేతులు కట్టుకుని, నోటితో మాత్రం తలా ఒక సాయం చేశారు.

పదీ ఇరవై నాలుగుకు ఇరవై అడ్డంకులు పక్కకు తప్పుకున్నాయి. మిగిలింది బీరువా. దాని వెనక, అరవై గజాల దూరంలో కంపెనీ గేటు, గేటు మనిషి చేతిలో గొలుసు కనిపిస్తున్నాయి. అంగుళం నెట్టాడు. వీపు ఆనించి నెట్టాడు. బీరువా కిర్రుమని కూడా అనలేదు.

"నలుగురు పట్టాల్సిందేనండీ," అన్నాడు దర్జీ, పాపం, నిజంగానే బాధపడుతూ. "కానీ కాగితముందాయె."

మరదలు మాట్లాడలేదు. ఫైలును గట్టిగా పట్టుకుని గేటు వైపే చూస్తోంది. ఆ మూగతనం అంగుళానికి తెలుసు. నిరుడు మూడు రోజులు విన్నాడు దాన్ని. అతను బీరువా దగ్గరకు వెళ్లి, నంబరు వేసిన పసుపు కాగితాన్ని, దాంతోపాటు బహుశా సోమవారం నాటి ప్రమోషన్‌ను, సర్రున చించేశాడు.

"ఇక ఇది మీ బీరువా! లోపల పెట్టుకోండి బాబాయ్, మీకు దణ్ణం పెడతాను!"

కొడుకులు, అల్లుడు, షావుకారు, సెలూన్ ఆయన, అందరి చేతులూ ఒక్కసారిగా పడ్డాయి. బీరువా కదిలింది. నాలుగడుగులు తెరుచుకున్నాయో లేదో కుర్చీ బాణంలా దూసుకుపోయింది. పదీ ఇరవై తొమ్మిదికి మరదలు గేటు దాటింది. భార్య పమిట చెంగుతో కళ్లు ఒత్తుకుని, "ఏవండీ, చొక్కా మార్చుకోండి," అంది. అది పూర్తి వాక్యం.

పన్నెండింటికి పెద్ద ఇన్‌స్పెక్టరు వచ్చి, ఫుట్‌పాత్ మీద ఆ కొస నుంచి ఈ కొస దాకా దారి ఖాళీగా ఉండడం చూసి ముచ్చటపడ్డాడు. తర్వాత కాగితాలు లెక్కపెట్టాడు.

"ఇరవై ఒకటోది ఏదయ్యా?"

"చించానండి."

"ఎందుకు?"

"మా మరదలికి టైమైందండి."

ఆయన అంగుళాన్ని పైకీ కిందకీ చూసి, ఆ ముక్కను అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నాడు.

సాయంత్రం మరదలు ఇంట్లోకి రాగానే ఇల్లంతా చుట్టూ చేరింది. అంగుళం నడుముకు వేడినీళ్ల సంచి కట్టుకుని మంచం మీద నుంచే అడిగాడు.

"ఏమన్నారు?"

"టైం టేబుల్ ఒకటి వేయించారు, వేశాను. చివర్లో పెద్దాయన అడిగాడు, రోజూ ఈ వీధిలోంచి టైముకి రాగలవా అమ్మా అని."

"నువ్వేమన్నావు?"

"రాగలనండి, మా బావని ఇంకో వీధికి బదిలీ చేయిస్తే అన్నాను."

ఇల్లు ఘొల్లుమంది. అంగుళం కూడా నవ్వాడు, నడుము పట్టేదాకా.

పదిహేను రోజుల తర్వాత ఆమె ఉద్యోగం ఉత్తర్వు, అతని బదిలీ ఉత్తర్వు ఒకే పోస్టులో వచ్చాయి.