అందరికీ రెండోవాడు

ఆ శుక్రవారం ఉదయం నెవిల్ పాస్కో వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఎన్నికల ఆఫీసుకి వెళ్లి బ్యాలట్ మీద తన పేరు ఎన్నో వరసలో వస్తుందో చూడాలి. వచ్చే దారిలో చక్రాల మీద ఇల్లులాంటి తమ కారవాన్‌కి గ్యాసు పొయ్యి కొనాలి. పోలింగ్ అయ్యాక వచ్చే సోమవారమే అతనూ, భార్య వెర్నా ఆ కారవాన్‌ని కారు వెనక తగిలించుకుని పడమటి తీరానికి బయల్దేరుతున్నారు. మధ్యలో నల్లార్బర్ మైదానం. చెట్టు లేదు, మలుపు లేదు, ఆకాశం తప్ప పలకరించేవాళ్లు లేరు. పెళ్లయినప్పట్నుంచీ వెర్నా కలగంటున్న దారి అది. ప్రతిసారీ ఏదో ఒక ఎన్నిక అడ్డం పడింది.

మెల్బోర్న్ నుంచి బయల్దేరిన రైలు అలిసిపోయి ఆగే చోట వారన్‌డీన్ నియోజకవర్గం ఉంటుంది. దాని ఎన్నికల చరిత్రలో గెలిచినవాళ్లు మారారు, నీలం పార్టీ పోయి ఎర్ర పార్టీ వచ్చింది, ఎరుపు పోయి నీలమొచ్చింది, సరిహద్దులు కూడా అటూ ఇటూ జరిగాయి. అట్టడుగు వరస మాత్రం కదల్లేదు: నెవిల్ పాస్కో, స్వతంత్రుడు. ఊరందరికీ నెవ్.

అతనికున్న హామీ ఒక్కటే. షాపింగ్ సెంటర్ పార్కింగ్ కింద పైపులో పడుకోబెట్టిన టాలో వాగుని నిద్ర లేపాలి. వాన పడితే నెవ్ వెళ్లి ఆ పార్కింగ్‌లోని ఇనుప జాలీ పక్కన నిలబడేవాడు. కింద నీళ్లు ఏదో చెప్పుకుంటూ వెళ్తుంటాయి. వింటూ వింటూ ఉంటే అతని కళ్లముందు తారు పలచబడేది, కార్లు తెప్పల్లా మెల్లగా లేచేవి, బండి తోసుకుంటున్న ఆడవాళ్ల పాదాల మధ్య రెల్లు మొలిచేది. ఎవరో హారన్ కొట్టేదాకా అతను అక్కడే ఉండేవాడు.

ఈసారి పోటీ వద్దనే అనుకున్నాడు. కానీ ఆ అడుగు వరస ఖాళీగా ఉంటే చూడ్డానికి బాగోదనిపించింది. భయపడుతూనే వెర్నాని అడిగాడు.

"నామినేషన్ వేసుకో నెవ్, ఎలాగూ ఓడిపోతావుగా," అంది ఆవిడ, ఎంతో ప్రేమగా.

ఎన్నికల ఆఫీసులో చీట్లు తీశారు. నెవ్ పేరు అన్నిటికంటే పైన వచ్చింది. అతని పాత మిత్రుడు, చేపల కొట్టు కాన్, వీపు మీద ఒక్కటి చరిచాడు.

"ఒరేయ్, గాడిద ఓట్లన్నీ నీవే!"

వారన్‌డీన్‌లో ఓటెయ్యకపోతే జరిమానా. వేస్తే ఒక్కరికి టిక్కు పెట్టి వచ్చేస్తే సరిపోదు, అందరికీ వరసగా నంబర్లు వెయ్యాలి. ఫోన్‌లో వచ్చే షరతులన్నిటికీ చదవకుండా ఒప్పుకునే జనం, ఇక్కడ పైనుంచి కిందకి ఒకటి, రెండు, మూడు రాసేసి వెళ్లిపోతారు. వాటినే గాడిద ఓట్లంటారు.

"అవన్నీ వచ్చినా గెలవనుగా?" అన్నాడు నెవ్.

"నువ్వా? నీకంటే నా కొట్లో పీత గెలుస్తుంది."

ఆ ధైర్యంతో నెవ్ పొయ్యి కొనుక్కుని ఇంటికెళ్లాడు.

తరవాతి వారం రెండు పార్టీలూ ఎవరికి ఏ నంబరు వెయ్యాలో చెప్పే కార్డులు పంచాయి. ఎర్ర కార్డు మీద నెవ్‌కి రెండు. నీలం కార్డు మీద కూడా నెవ్‌కి రెండే. ఇదివరకు రెండు పార్టీలూ అతన్ని అట్టడుగునే పెట్టేవి. ఈసారి ఎదుటి పార్టీని మూడోదాన్ని చెయ్యాలనుకున్నాయి కాబోలు, ఉన్నది ముగ్గురే. కాన్ రెండు కార్డులూ చేపలు చుట్టే కాగితం మీద పెట్టి లెక్కేశాడు. అతని మొహం మెల్లగా మారింది.

"నెవ్... ఎవరికీ సగం దాటకపోతే, మొదటి నంబర్లలో ఆఖర్న ఉన్నవాణ్ని పీకేసి, వాడి ఓట్లు రెండో నంబరుకిస్తారు. నువ్వు ఆఖర్న లేకపోయావా, ఇంక నిన్నెవడూ ఆపలేడురా."

"పోటీ మానేస్తా!"

"బ్యాలట్లు అచ్చయిపోయాయి నాయనా."

నెవ్ కళ్లముందు నాలుగేళ్ల రాష్ట్ర పార్లమెంటు కనపడింది. దాని వెనక, వాకిట్లో నీళ్ల సీసాలు సర్దుకుంటూ పాట పాడుకుంటున్న వెర్నా కనపడింది. ఓడిపోవాలి, అంతే. ఇన్నేళ్లూ తేలిగ్గా చేసిన పనే. ఈసారి కాస్త కష్టపడితే చాలు.

మర్నాడే రైల్వే స్టేషన్ ముందు నిలబడి, వచ్చేపోయేవాళ్లకి దణ్ణం పెట్టినంత పని చేశాడు. "నాకు ఓటు వెయ్యకండి, ప్లీజ్."

"అబ్బ, ఒక్కడైనా నిజం చెప్పాడే!" అంది సంచీ మోసుకెళ్తున్న ఒక నర్సు. సాయంత్రానికల్లా ఆ వీడియో ఊళ్లోని ప్రతి ఫోన్‌లోనూ తిరుగుతోంది.

పచ్చిక మీద బంతులు దొర్లించి ఆడే బౌల్స్ క్లబ్బులో ముగ్గురినీ కూర్చోబెట్టి చర్చ పెట్టారు.

"రోడ్డు వెడల్పు చేయిస్తారా?" అనడిగారు.

"నాకేం తెలుసండీ?"

"ఆస్పత్రి సంగతి?"

"అసలు నన్నడగడమేమిటి?"

హాలు హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. పక్కనే కూర్చున్న నీలం పార్టీ బ్రెంట్ ఫాల్క్‌నర్ కూడా పొరపాటున రెండు చప్పట్లు కొట్టి, గబుక్కున చేతులు దాచుకున్నాడు.

పోలింగ్ రోజు నెవ్ ఆఖరి అస్త్రం తీశాడు. స్కూలు మైదానంలో తల్లిదండ్రులు పెనం మీద సాసేజ్‌లు కాలుస్తున్నారు. ఓటేసినవాళ్లు బ్రెడ్డులో సాసేజ్ చుట్టుకుని తింటేనే ఆ రోజు ఎన్నిక జరిగినట్టు లెక్క. క్యూ గేటు దాకా ఉంది. ఈ ఊరు పన్ను ఎగ్గొట్టినవాణ్ని క్షమిస్తుంది గానీ, సాసేజ్ క్యూ తప్పినవాణ్ని క్షమించదు.

ఉల్లిపాయల పొగ మంచులా నేలబారున పాకుతోంది. అందులో మనుషులు సగం సగం కనపడుతున్నారు. నెవ్ కళ్లు మూసుకుని, వెర్నాని తలుచుకుని, నేరుగా ముందుకెళ్లి, అందరికంటే ముందున్న మనిషిని భుజంతో పక్కకి నెట్టి అరిచాడు.

"ముందు నాకివ్వండి! ఉల్లిపాయలు ఎక్కువెయ్యండి!"

క్యూ అంతా అతని వైపు తిరిగింది. హమ్మయ్య, ఓడిపోయాను అనుకున్నాడు. పొగ విడింది. పక్కన, టై నిండా టమాటా సాస్‌తో బ్రెంట్ ఫాల్క్‌నర్ నిలబడి ఉన్నాడు. వెనక టీవీ కెమెరా.

"శభాష్ పెద్దాయనా!" చంటిపిల్లని ఎత్తుకున్న ఒకావిడ కేక పెట్టింది. "మేమింతమందిమి ఎండలో నిలబడితే ఈయనగారు కెమెరా వేసుకుని ముందుకి దూరాడు. బాగా గడ్డి పెట్టావు!"

మధ్యాహ్నం వార్తల్లో అదే వచ్చింది. అప్పటికి ఊళ్లో సగంమంది ఇంకా ఓటు వెయ్యలేదు.

లెక్క తేలేసరికి గురువారం అయింది. నెవ్ కోసం కారవాన్ ఇంకా వాకిట్లోనే ఆగి ఉంది. మొదటి నంబర్లలో బ్రెంట్ ఆఖర్న మిగిలాడు. అతన్ని తీసేశారు. అతని ఓట్లన్నీ, కార్డు చెప్పినట్టే, బుద్ధిగా నడుచుకుంటూ వచ్చి నెవ్ గుట్ట మీద పడుకున్నాయి. కాన్ కావలించుకుని ఏడ్చాడు. నెవ్ కూడా ఏడ్చాడు, కాకపోతే కారణం వేరు.

ఇంటికి నడుస్తుంటే వీధి పొడుగునా జాకరాండా పూలు రాలి, రోడ్డంతా ఊదా రంగు నీళ్లు పారుతున్నట్టుంది. అతనికి దాని మీద అడుగు పెట్టబుద్ధి కాలేదు. వెర్నా కారవాన్ మెట్టు మీద కూర్చుని టీ తాగుతోంది.

"వెర్నా... గెలిచాను. క్షమించు. మన ప్రయాణం..."

"తెలుసు. కాన్ ఫోన్ చేశాడు. మా చెల్లెలు రేపు పొద్దున్నే వస్తోంది. మేమిద్దరం వెళ్తున్నాం."

"మీరిద్దరూనా?" అన్నాడు నెవ్.

"నువ్వు నాతో వస్తానన్న రోజు నాకు నిద్ర పట్టలేదు నెవ్," అంది వెర్నా మెల్లగా. "అంత నిశ్శబ్దంలోకి, ఇంత చిన్న డబ్బాలో, నాలుగు నెలలు ఆ వాగు కబుర్లు! ఆ ఎర్ర పార్టీ సెక్రటరీ, నీలం పార్టీ సెక్రటరీ, ఇద్దరూ నాతో బౌల్స్ ఆడతారు. మీ కార్డు మీద మావాడికి రెండో నంబరు వెయ్యండర్రా, పాపం ముసలాడు సంతోషిస్తాడని ఇద్దరికీ విడివిడిగా చెప్పాను. వెళ్లు, వెళ్లి ఆ వాగుని లేపు. నేనొచ్చేసరికి కాళ్లు ముంచుకోవడానికి నీళ్లుండాలి."

నెవ్ ఆ మెట్టు మీద ఆవిడ పక్కనే కూర్చున్నాడు. టీ సగం తాగి ఇచ్చింది. తాగాడు. లోపలెక్కడో నీళ్లు కదిలినట్టనిపించింది.

"అయితే ఇన్నేళ్లకి నువ్వు నాకు ఓటేశావన్నమాట."

"వేశాను. రెండో నంబరు."

వారన్‌డీన్ సీటు గెలిచినాయన సొంత ఇంట్లో కూడా పంచిపెట్టిన ఓట్లతోనే గట్టెక్కాడు.