ఉల్లంకి పిట్ట పేరుకు ఓటింగు

పిట్ట ఫొటో తీసి పదిమందికీ పంపనివాడు అసలు మనిషే కాదని నా గట్టి నమ్మకం!

నవ్వుతున్నారా? మా బావమరిది నన్ను పిట్టల గ్రూపులో చేర్చకముందు నేనూ నవ్వినవాణ్ణే. అప్పట్లో ఆదివారాలు తొమ్మిదింటిదాకా పడుకునేవాణ్ణి. సముద్రాన్ని చూస్తే అందంగా ఉందనుకుని ఊరుకునేవాణ్ణి. ఎంత వెనకబడిన బతుకో చూడండి!

మా బావమరిది లిఫ్టులు బాగుచేస్తాడు. వాడి కెమెరా లెన్సు చిన్నసైజు గ్యాసు బండంత ఉంటుంది. దానికి దుమ్ము పట్టకుండా వాళ్లక్క స్వెట్టరు చెయ్యి కత్తిరించి తొడిగాడు. వాళ్లక్కంటే మా ఆవిడే. స్వెట్టరు సంగతి ఆవిడకు ఇంకా తెలియదు.

మొన్న ఆదివారం పొద్దున్నే ముగ్గురం తీరానికి వెళ్లాం. ఆటు వేళ. నీళ్లు వెనక్కి పోయి బురద బయటపడింది. మా ఆవిడ ఫ్లాస్కు పట్టుకుని గట్టు మీద కూర్చుంది. మేమిద్దరం చెరో కెమెరాతో బురదలో బోర్లా పడుకున్నాం. ఎదురుగా ఒక ఉల్లంకి పిట్ట.

ఉల్లంకులంటే తెలుసుగా? నీటి అంచున సన్నకాళ్లతో పరుగెత్తుతూ, పొడుగు ముక్కుతో బురదలో పురుగులు ఏరుకునే పిట్టలు. వాటిలో బోలెడు రకాలు. అన్నీ మట్టిరంగే! తేడా ఎక్కడుందయ్యా అంటే రెక్క కింద ఉందంటారు. రెక్క ఎత్తమని దాన్ని ఎవరు అడగాలి?

"బావా, పాకు," అన్నాడు బావమరిది. పాకాను. పిట్ట పదడుగులు జరిగింది.

"ఇంకాస్త పాకు. ఇప్పుడు చప్పట్లు కొట్టు. ఎగిరితే రెక్క కింద కనబడుతుంది."

కొట్టాను. ఎగిరింది. అవతల వాలింది. మళ్లీ పాకాం. నేను పొట్ట మీద అంత దూరం పాకింది నాకు నడక రాకముందే! ఇంత ఆరోగ్యం ఏ జిమ్ములో దొరుకుతుంది?

మొదటి ఫొటో గ్రూపులో పెట్టాను. అరనిమిషంలో అడ్మిన్ పలికాడు. ఆయన పళ్ల డాక్టరు.

"కాళ్లు ఏ రంగు?"

"బురద రంగు," అని రాశాను.

"బురద కింద?"

"ఇంకా బురదే."

అంతలో ఒక లాయరుగారు దిగారు. ముక్కు చివర కాస్త వంగిందనీ, ఈ తీరానికి ఎన్నడూ రాని రకమనీ, కాదన్నవారు సాక్ష్యం చూపాలనీ వాదించారు. వంగలేదన్నాడు డాక్టరు. అంతే! గ్రూపు రెండుగా చీలింది. లాయరుగారి పన్ను ఒకటి డాక్టరు దగ్గర సగం పనిలో ఉంది. మిగతా సగానికి ఆయనిప్పుడు పక్క ఊరు పోతున్నారు.

గంట తిరిగేసరికి ముప్ఫై లెన్సులు వచ్చి వాలాయి. ఒకావిడ ఆపరేషన్ కుట్లు విప్పించుకోకుండానే వచ్చింది. జ్వరమని శుక్రవారం నుంచీ సెలవులో ఉన్న మా మేనేజరు నా పక్కనే పాకుతున్నాడు! ఒకరినొకరం చూడలేదని ఇద్దరం అనుకున్నాం. ఆఫీసులో ఇంతటి సమానత్వం ఎప్పుడైనా కన్నామా?

మధ్యాహ్నానికి పోటు వచ్చి బురద మునిగింది. పిట్ట మా మీద ఒక చుట్టు తిరిగి, సముద్రం వైపు వెళ్లిపోయింది. మేం మాత్రం వాదన ఆపలేదు. నాలుగు రోజులు పోట్లాడుకుని గురువారం ఓటింగు పెట్టుకున్నాం. నలభై ఒకటికి ముప్ఫై ఎనిమిది! ముక్కు వంగలేదని తేలింది. రోజూ వచ్చే మామూలు రకమేనట.

ఈ శుభవార్త మా ఆవిడకు చెప్పాను. ఆవిడ బట్టలు మడతపెడుతోంది.

"పేరు సరేనండీ. అది ఏమైనా తిన్నదా?"

"ఏది?"

"ఆ పిట్టే. గట్టు మీంచి చూస్తూనే ఉన్నా. అది ముక్కు దించినప్పుడల్లా మీలో ఎవరో ఒకరు పాకారు. నీళ్లు మళ్లీ వచ్చేలోగానేగా దాని తిండి?"

నాకు ఒళ్లు మండింది. తినకుండా ఎలా ఉంటుంది? సాక్ష్యం నా దగ్గరే ఉందిగా! కంప్యూటరు తెరిచి పన్నెండు వందల ఫొటోలూ వరసగా చూశాను. అద్భుతమైన ఫొటోలండీ! ఈకలు లెక్కపెట్టుకోవచ్చు. సగం ఫొటోల్లో పిట్ట ఎగురుతోంది. మిగతా సగంలో నిలబడి మమ్మల్నే చూస్తోంది. ముక్కు బురదలో ఉన్న ఫొటో ఒక్కటంటే ఒక్కటి లేదు.

చివరి ఫొటో దగ్గర ఉండగా బావమరిది ఫోన్ చేశాడు.

"బావా, ఇంకో కొత్త పిట్ట దిగిందట! నలభై మంది బయల్దేరుతున్నారు. నువ్వూ వస్తున్నావుగా?"

నడుం పట్టేసిందని చెప్పాను. ఆ పిట్టకు ఎంత గిరాకీ, ఎంత గౌరవం! మేమందరం చేరేలోపు అది ఎక్కడో ఒకచోట నాలుగు పురుగులు తినేసి ఉంటే బాగుణ్ణు.