జ్వరం ఉంటే ఒకటి నొక్కండి

మనిషిని మనిషి పలకరించడం శుద్ధ దండగ! ఆ బాధ్యతను రికార్డు చేసిన గొంతుకు అప్పగించడమే మానవజాతికి క్షేమమని మనవి చేస్తున్నాను. కరోనా రోజుల్లో పొద్దున పదింటికి ఫోన్ చేసి మీ ఆరోగ్యం ఎలా ఉందని అడిగిన కంప్యూటర్‌ను మీరెంత తిట్టుకున్నారో నాకు తెలుసు. ఎయిర్‌పోర్టు పక్కనున్న సాతంరాయిలో వరమ్మ మాత్రం తిట్టుకోలేదు.

వరమ్మ ఎయిర్‌పోర్టులో ట్రాలీలు తుడిచేది. ఒక ప్రయాణికుడు వదిలేసిన ట్రాలీని తుడిచిన మర్నాడే అతనికి కరోనా అని తేలింది. దాంతో ఆమెను పద్నాలుగు రోజులు హోం క్వారంటైన్ అన్నారు. ఆమె ఇంటి వెనక గదిలోకి వెళ్లింది. ఇంట్లో ఇంకా ఏడుగురు మిగిలారు.

మొదటిరోజు ఫోన్ మోగింది. ఒక ఆడగొంతు ఎలా ఉన్నారని అడిగింది. జ్వరం ఉంటే ఒకటి, దగ్గు ఉంటే రెండు, బాగుంటే మూడు నొక్కమంది. అని ఊరుకుందా? జవాబు కోసం ఐదు సెకన్లు ఆగింది!

ఐదు సెకన్లంటే మాటలా? పదకొండేళ్ల కాపురంలో వరమ్మ జవాబు కోసం ఎవరూ అంతసేపు ఆగిన దాఖలా లేదు. ఆమె మూడు నొక్కి, మర్యాదగా "నువ్వు తిన్నవా అక్కా?" అని కూడా అడిగింది.

నాలుగోరోజుకు ఫోన్ వచ్చేముందు తల దువ్వుకోసాగింది. ఆరోరోజు మోకాలి నొప్పి సంగతి మొదలుపెట్టింది. దానికి నంబరు లేదు. అయినా ఆ గొంతు, అత్తగారు డోర్కాసమ్మలాగా, మధ్యలో తన నడుమునొప్పి ఎత్తుకోలేదు. నంబరు పడకపోతే విసుక్కోకుండా మళ్లీ మొదటినుంచి అడిగింది. ఇంత ఓర్పు ఏ మానసిక వైద్యుడికుంది చెప్పండి? పెళ్లిలో తాళితోపాటు ఇలాంటి రికార్డింగు ఒకటి ఇప్పిస్తే ఎన్ని కాపురాలు నిలబడేవి!

భర్త జాన్ పాల్ పలకరించలేదని కాదు. రోజూ కిటికీ దగ్గరికొచ్చి కుక్కర్ ఎన్ని విజిల్స్ వేయాలో, బియ్యంలో నీళ్లెన్ని పోయాలో అడిగేవాడు. ఆమె చెప్పడం పూర్తికాకముందే వెళ్లిపోయేవాడు. అందుకే ఆ ఇంట్లో అన్నం ఒకరోజు జావ, ఒకరోజు గులకరాళ్లు.

పదమూడోరోజు గొంతు కొత్త కబురు చెప్పింది. రేపు మూడు నొక్కితే ఇక ఫోన్ రాదు. జ్వరమో దగ్గో ఉంటే మాత్రం ఇంకో పద్నాలుగు రోజులు.

వరమ్మ పొద్దుగూకేదాకా ఆలోచించింది. చివరికి జాన్ పాల్‌కు ఒక అవకాశం ఇవ్వాలనుకుని కిటికీ దగ్గరికి పిలిచింది.

"రేపు పదిగొట్టక ముందే వచ్చి ఎట్లున్నవని అడుగు. అడిగి జర ఆగు."

"గదెంత పని" అన్నాడు జాన్ పాల్.

అన్నమాట ప్రకారం వచ్చాడు. మాస్కు సర్దుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఎట్లున్నవ్ వరమ్మా?"

వరమ్మ మనసులో లెక్కపెట్టింది. ఒకటి. రెండు. మూడు. జాన్ పాల్ కదలకుండా నిలబడ్డాడు. నాలుగు.

"చాయ్‌పత్తా ఏడ వెట్టినవే?"

అప్పుడే ఫోన్ మోగింది. వరమ్మ నుదురు చేత్తో తాకి చూసుకుంది. కొత్తకుండలో నీళ్లంత చల్లగా ఉంది.

ఒకటి నొక్కింది.