మంత్రిగారి ఈగల సిద్ధాంతం

తమ పార్టీలో వృద్ధాప్యాన్ని దశలవారీగా రద్దు చేస్తున్నట్టు మంత్రి వెంకటరమణగారు చిత్తూరు సభలో ప్రకటించారు. అందుకు తొలి మెట్టుగా, ఇకమీదట డెబ్బై ఏళ్లు దాటినవారికే ఎన్నికల టికెట్లు. మంత్రిగారికి డెబ్బై ఎనిమిది.

అందరికంటే ముందు చప్పట్లు కొట్టినవాడు ముకుందం. పార్టీ జిల్లా యువజన విభాగం అధ్యక్షుడు. వయసు యాభై మూడు. కాలేజీ రోజుల్లో ఆ పదవిలోకి వచ్చాడు. ప్రతి ఎన్నికలోనూ మంత్రిగారు వచ్చేసారి నీకే అనడంతో, జుట్టుకు రంగు వేసుకుంటూ యువకుడిగానే ఉండిపోయాడు. తను చప్పట్లు కొట్టింది తన టికెట్టు పోయినందుకేనని, తిరుపతికి తిరిగొస్తూ పూతలపట్టు దాటాక గానీ అతనికి తట్టలేదు.

ఈ మహత్తరమైన ఆలోచన మంత్రిగారికి ఏర్పేడు దగ్గర ఒక కాలేజీలో ల్యాబ్ ప్రారంభిస్తున్నప్పుడు కలిగింది. రిబ్బన్ కత్తిరించాక, సీసాల్లో ఉన్న చిన్న ఈగలు ఎందుకని ఆయన అడిగారు. శ్రీకరి అనే శాస్త్రవేత్త ఓపిగ్గా చెప్పింది. ప్రాణులు ముసలివెందుకు అవుతాయన్నది ఆమె పరిశోధన. పిల్లలు పుట్టేశాక, ముసలితనంలో వచ్చే లోపాలను ప్రకృతి పెద్దగా ఏరిపారేయదు. అప్పటికే ఆ లోపాలు పిల్లలకు చేరిపోయి ఉంటాయి. అలాకాక, ముసలితనం దాకా బతికిన ఈగల గుడ్లనే తీసుకుంటూ పోతే, కొన్ని తరాలకు ఆ సంతతిలో ముసలితనం ఆలస్యంగా వస్తుంది.

మంత్రిగారు ఫోన్ చూడకుండా విన్న మొదటి ఉపన్యాసం అదే.

"అంటే, వయసులో ఉండేవాళ్లకు సందియ్యకుండా ముసలోళ్లకే అవకాశమిస్తా పోతే జాతి బాగుపడతాదంటావు."

"ఈగల్లో అయితే, సార్."

"మా పార్టీ మాత్రం ఏం తక్కువమ్మా?" అన్నారు మంత్రిగారు.

చిత్తూరు సభ మర్నాడే ముకుందం ఆయన ఇంటికి వెళ్లి, తన సంగతేమిటని వినయంగా అడిగాడు. వయసు రాకుండా తొందరపడటం యువతలో ఉండే పెద్ద లోపమని మంత్రిగారు నచ్చజెప్పారు. అయితే సైన్సులో మినహాయింపులుంటాయని, ఒంట్లో నిజంగా ముసలితనం కనబడితే సంవత్సరాలు తాను లెక్కపెట్టబోనని భుజం తట్టారు.

అంతే. ముకుందం రంగు మానేశాడు. పది రోజుల్లో మొదళ్లు తెల్లబడ్డాయి. చేతికర్ర కొన్నాడు. మెట్ల దగ్గర ఎవరైనా చూస్తున్నారంటే ఆగి ఆయాసపడటం నేర్చుకున్నాడు. అయినా అద్దంలో ఇంకా యాభై మూడే కనబడుతుంటే, పళ్ల డాక్టరు దగ్గరికెళ్లి గట్టిగా ఉన్న ముందుపళ్లు రెండు పీకించుకుని వచ్చాడు. భార్య గోదాదేవి ఒక బడిలో లెక్కల టీచరు. ఆమె అతని నోట్లోకి చాలాసేపు చూసింది.

"ఆ పండ్లు నిన్నెప్పుడైనా ఓడించినాయా?" అని మాత్రం అడిగి, ఆ పూటకు జావ కాచింది.

అతనికి అవమానంగానే అనిపించింది. కానీ యువజన సమ్మేళనానికి వెళ్లేసరికి ఆ బాధ పోయి భయం పట్టుకుంది. హాలు నిండా చేతికర్రలే. ముప్పై ఏళ్ల సునీల్‌కుమార్‌ను ఇద్దరు పట్టుకుని వేదిక ఎక్కించారు. నినాదాలు వణికే గొంతులతో మొదలై దగ్గుతో ముగిశాయి. యువత ఇంత త్వరగా పరిణతి చెందడం ఎక్కడా చూడలేదని మంత్రిగారు కళ్లు తుడుచుకున్నారు. ఆ రాత్రి ముకుందం చెవుడు కూడా మొదలుపెట్టాడు.

టికెట్టు ప్రకటించే రోజు తిరుపతి పార్టీ ఆఫీసు కిక్కిరిసింది. ఎలాగూ మంత్రిగారే నిలబడతారని కొందరు, త్యాగం చేసి ముకుందానికి ఇస్తారని కొందరు అనుకుంటున్నారు. ముఖ్య అతిథి శ్రీకరి. ఈగల్లో లాభం ఎవరికో సభకు చెప్పమని మంత్రిగారు ఆమెను కోరారు.

ముసలి ఈగలకు ఏ లాభమూ ఉండదని, అవి చావాల్సిన రోజుకే చస్తాయని, ఎక్కువకాలం బతికేది వాటి తర్వాతి తరాలని ఆమె చెప్పింది.

మంత్రిగారు లేచి మైకు అందుకున్నారు.

"విన్నారు కదప్పా. ఇన్నాళ్లూ నేను స్వార్థంగా ఆలోచించినాను. ఫలం ముసలోళ్లది కాదు, మనవళ్లది. సైన్సు చెప్పినాక నేను అడ్డం పడను. టికెట్టు మా త్రివిక్రమ్‌కు ఇస్తా ఉండాను."

త్రివిక్రమ్ ఆయన మనవడు. బెంగళూరులో చదువు ముగించుకుని వచ్చి నెలయింది. ఇరవై ఆరేళ్లు.

కొంతసేపు ఎవరూ దగ్గలేదు. ముకుందం లేచి నిలబడ్డాడు. "అన్నా, డెబ్బై దాటాలనే నియమం?"

"వాడి వయసూ నా వయసూ కలిపితే నూరు దాటతాది, ముకుందా. పార్టీలో అంత వయసు ఇంకెవరికి ఉండాది?"

శ్రీకరి ఏదో అనబోయింది గానీ, అప్పటికే ఆమెకు శాలువా కప్పుతున్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ముకుందం కూడా కొట్టాడు, ఈసారి చివర్లో.

త్రివిక్రమ్ వేదిక దిగి నేరుగా అతని దగ్గరికి వచ్చాడు. మంచి పిల్లవాడు. వంగి కాళ్లకు దండం పెట్టాడు. తర్వాత పక్కనున్న కుర్చీ లాగి, చెవి దగ్గర గట్టిగా చెప్పాడు.

"కూర్చోండి తాతా. మీరు ఎక్కువసేపు నిలబడకూడదు."

ముకుందానికి నిలబడే ఓపిక ఉంది. అయినా కూర్చున్నాడు.